మాట చెబితే మారే కెమెరా

ఇవాళ గోడలకు బిగిస్తున్న సీసీ కెమెరా నిజానికి ఒక చిన్న కంప్యూటరు. దానిలో ప్రాసెసరు ఉంటుంది, మెమరీ ఉంటుంది, నెట్‌వర్క్‌లో దానికంటూ ఒక చిరునామా ఉంటుంది. లోపలికి ఎవర్ని రానివ్వాలో తేల్చే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. స్వీడన్‌లోని యాక్సిస్ సంస్థ 1996లో మొదటి నెట్‌వర్క్ కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుంచి లెన్సుతో పాటు కెమెరా లోపలి మెనూ కూడా పెరుగుతూనే వచ్చింది. రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు, బిట్ రేటు, షట్టర్ వేగం, రాత్రి దృశ్యం, కదలికను పసిగట్టే హద్దులు, గడియారం, రికార్డింగ్ వేళలు, ఇలా సెట్టింగులు లెక్కకు మిక్కిలి.

వీటిని సరిచేసేది సాధారణంగా ఒక్కసారే, బిగించిన రోజున. టెక్నీషియన్ నిచ్చెన దిగి, ఫోన్‌లో బొమ్మ వస్తోందని చూపించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత మెనూ జోలికి ఎవరూ పోరు. సెల్లార్‌లో బండి పోయి, పోలీసులు ఫుటేజీ అడిగిన రోజున గానీ కెమెరా గడియారం తప్పు చూపిస్తోందనీ, రాత్రి బొమ్మలో నంబర్ ప్లేటు తెల్లగా వెలిగిపోయిందనీ, హార్డ్ డిస్కులో పదకొండు రోజుల రికార్డింగే మిగిలిందనీ బయటపడదు.

మెనూలో పేర్లు తెలియకపోయినా పని జరిగేలా చూడటం ఏఐ అసిస్టెంట్ల ఉద్దేశం. ‘రాత్రిపూట గేటు దగ్గర బండి నంబరు కనపడటం లేదు’ అని మామూలు మాటల్లో చెబితే, ఆ ఇబ్బంది వెనక ఏ సెట్టింగు ఉందో వెతికి, మార్పు సూచించి, సరే అంటే మార్చిపెడతాయి. ఇది లోపల ఎలా జరుగుతుందో తెలిస్తే, ఎక్కడిదాకా నమ్మవచ్చో, ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది.

అసిస్టెంటులో ఉండే భాషా మోడల్ కెమెరాను నేరుగా ముట్టుకోదు. దానికి వచ్చింది మాటల్ని అర్థం చేసుకోవడం, మాటల్ని రాయడం. కెమెరాతో మాట్లాడేది మధ్యలో ఉండే మరో చిన్న ప్రోగ్రాము. ‘కెమెరాల జాబితా ఇవ్వడం’, ‘ఫలానా కెమెరా బిట్ రేటు చదవడం’, ‘షట్టర్ వేగం మార్చడం’ వంటి కొన్ని పనుల్ని ఆ ప్రోగ్రాము మోడల్ ముందు పెడుతుంది. వీటిని టూల్స్ అంటారు. ఏ టూల్‌ను, ఏ విలువలతో వాడాలో మోడల్ తేలుస్తుంది. అమలు చేసేది ప్రోగ్రాము. ఒక్కో అసిస్టెంటుకు ఒక్కో రకం అతుకు వేయకుండా అన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. పొట్టిగా ఎంసీపీ. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు నడిపించే సాఫ్ట్‌వేర్లలోనూ, కెమెరా రికార్డర్లలోనూ ఇప్పుడు ఈ పద్ధతి కనిపిస్తోంది.

ఆ ప్రోగ్రాముకూ కెమెరాకూ మధ్య నడిచే భాష అంతకంటే పాతది. యాక్సిస్, బాష్, సోనీ సంస్థలు కలిసి 2008లో ఓన్‌విఫ్ అనే వేదికను మొదలుపెట్టాయి. ఒక కంపెనీ కెమెరా మరో కంపెనీ రికార్డరుతో కలిసి పనిచేయాలన్నది దాని లక్ష్యం. ఈ ప్రమాణాన్ని పాటించే కెమెరా ఎవరిదైనా, ఒకే రకం ఆదేశంతో గడియారం సరిచేయొచ్చు, వీడియో నాణ్యత మార్చొచ్చు, వెలుతురు సర్దొచ్చు. తెలంగాణ పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కింద కాలనీలవాళ్లు, దుకాణదారులు సొంత ఖర్చుతో పెట్టుకున్న కెమెరాల్లాంటి చోట్ల ఈ ఉమ్మడి భాష బాగా అక్కరకొస్తుంది. తలా ఒక కంపెనీది, తలా ఒకరు బిగించింది, తలా ఒక మెనూ.

అయితే అన్నీ ఓన్‌విఫ్‌కు అందవు. ఉదాహరణకు, ట్యూబ్‌లైటు వెలుగులో బొమ్మ మీద నల్లటి చారలు పాకుతుంటాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాగా, కెమెరా 60 హెర్ట్జ్ మీద ఉండిపోవడం దీనికి సామాన్య కారణం. దాన్ని సరిచేసే సెట్టింగు చాలా కెమెరాల్లో తయారీదారు సొంత మెనూలోనే ఉంటుంది. ఓన్‌విఫ్ దారి మాత్రమే తెలిసిన అసిస్టెంటు ఈ పని తన చేతిలో లేదని ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా, లేని మెనూకు ఒక పేరు కల్పించి చెప్పే జబ్బు భాషా మోడళ్లకు ఉంది. అసిస్టెంటు చెప్పిన సెట్టింగు ఏ మెనూలోనూ కనపడకపోతే కెమెరాను అనుమానించాల్సిన పని లేదు.

గేటు దగ్గరి నంబర్ ప్లేటు సంగతి కాస్త దగ్గరగా చూస్తే అసిస్టెంటు పనితనం ఎంతో తేలుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కెమెరా ముందు నుంచి పక్కగా వెళ్లే స్కూటరు, సెకనుకు సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. రాత్రి వెలుతురు చాలక కెమెరా షట్టరును సెకనులో 25వ వంతు సేపు తెరిచి ఉంచిందంటే, ఆ కాస్త సేపట్లోనే బండి 22 సెంటీమీటర్లు జరుగుతుంది. ద్విచక్ర వాహనం వెనక ప్లేటు వెడల్పే 20 సెంటీమీటర్లు. అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి అలుక్కుపోతాయి. దీనికి తోడు, హై సెక్యూరిటీ ప్లేటు కాంతిని వచ్చిన దారిలోనే వెనక్కి పంపుతుంది. కెమెరా చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెలుగు తిరిగి కెమెరా కంట్లోనే పడి, తెల్లటి పలక తప్ప అంకెలు మిగలవు.

షట్టరును సెకనులో 500వ వంతుకు మారిస్తే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. బండి జరిగేది సెంటీమీటరు పైచిలుకే. ప్లేటు మెరుపు కూడా అదుపులోకి వస్తుంది. కానీ మిగతా బొమ్మంతా చీకటైపోతుంది, బండి నడిపేవాడి ముఖం కనపడదు. ముఖమూ కావాలి, నంబరూ కావాలంటే రాత్రిపూట ఒక్క మామూలు కెమెరాతో కుదరడం కష్టం. ఈ కెమెరా దేనికోసం, ముఖానికా నంబరుకా అని ఎదురు ప్రశ్న వేసే అసిస్టెంటు మంచిది. ఏమీ అడగకుండా వెంటనే షట్టరు మార్చేసేది చురుగ్గా కనిపిస్తుంది గానీ, మర్నాడు వాచ్‌మన్‌కు గేటు దగ్గర వచ్చిందెవరో తెలియకుండా చేస్తుంది.

మార్పు జరగాల్సిన క్రమం కూడా ఈ ఉదాహరణలోనే ఉంది. ముందుగా టూల్ ఇప్పుడున్న షట్టర్ విలువను చదవాలి. తర్వాత ఆ కెమెరా ఏ విలువ నుంచి ఏ విలువ దాకా ఒప్పుకుంటుందో అడగాలి. ఇందుకు ఓన్‌విఫ్‌లో విడిగా ఆదేశాలున్నాయి. ఆ హద్దుల్లో ఒకటి ఎంచి, పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన చూపించి, మార్చమంటారా అని అడగాలి. సరే అన్నాకే రాయాలి. రాశాక మళ్లీ చదవాలి. తేడా వచ్చేది ఎక్కువగా ఈ చివరి మెట్టు దగ్గరే. కొన్ని కెమెరాలు ఆదేశం అందిందని బదులిచ్చి, తమకు వీలైన దగ్గరి విలువకు సర్దుకుంటాయి. కొన్ని రీస్టార్ట్ అయితే గానీ కొత్త విలువను తీసుకోవు. ‘మార్చేశాను’ అన్నది అసిస్టెంటు మాట మాత్రమే. కెమెరా నుంచి తిరిగి చదివిన అంకే రుజువు.

గడియారం విషయంలో ఈ రుజువు మరీ ముఖ్యం. ఓన్‌విఫ్ కెమెరాకు టైమ్ జోన్‌ను పాసిక్స్ అనే పాత యూనిక్స్ పద్ధతిలో చెప్పాలి. భారత కాలమానం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి ప్లస్ 5:30 అని బడి పిల్లలకు కూడా తెలుసు. పాసిక్స్ పద్ధతిలో మాత్రం గుర్తు తిరగబడుతుంది. భారతదేశానికి మైనస్ 5:30 అని రాయాలి. లోకానికంతా తెలిసిన ప్లస్ గుర్తునే అసిస్టెంటు రాసిందా, కెమెరా గడియారం 11 గంటలు వెనక్కి పోతుంది. రాత్రి 10 గంటలకు తాళం పగలగొట్టిన దృశ్యం మీద పగలు 11 గంటలని పడుతుంది. మార్పు తర్వాత తెర మీది సమయాన్ని చేతి గడియారంతో పోల్చి చూస్తే అర నిమిషంలో బయటపడే పొరపాటు ఇది. చూడకపోతే ఏడాదైనా బయటపడదు.

గడియారం బాగా తప్పితే ఇంకో చిక్కు వస్తుంది. ఓన్‌విఫ్‌లో పాస్‌వర్డును సమయంతో ముడిపెట్టి పంపే పద్ధతి ఒకటుంది. పాత సందేశాన్ని దొంగిలించి మళ్లీ వాడకుండా ఈ జాగ్రత్త. రెండు వైపుల గడియారాల మధ్య తేడా ఎక్కువైతే, సరైన పాస్‌వర్డును కూడా కెమెరా తిప్పికొడుతుంది. పాస్‌వర్డు తప్పని అసిస్టెంటు చెబుతుంది, వినేవాళ్లు పాస్‌వర్డు మార్చే ప్రయత్నంలో పడతారు. అందుకే సమయం అడిగే ఆదేశానికి మాత్రం పాస్‌వర్డు అక్కర్లేకుండా ప్రమాణంలోనే వీలు కల్పించారు. తెలివైన టూల్ మొదట అడిగేది కెమెరాలో టైమ్ ఎంతని.

కెమెరా గడియారం తప్పితే కోర్టులోనూ చిక్కే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు సర్టిఫికెట్ జత చేయాలి. ఆ సర్టిఫికెట్ నమూనాలో ఫైలు హ్యాష్ విలువను (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తును) కూడా రాయాల్సి ఉంటుంది. కాపీ చేశాక ఫైలును ఎవరూ మార్చలేదని హ్యాష్ చెప్పగలదు. మొదటే తప్పు సమయంతో రికార్డైన దృశ్యాన్ని అది ఒప్పు చేయలేదు. ఏ సెట్టింగును ఎవరు, ఎప్పుడు, ఏ విలువ నుంచి ఏ విలువకు మార్చారో అసిస్టెంటు టూల్ రాసిపెట్టే చిట్టా ఇలాంటప్పుడు పనికొస్తుంది. చేత్తో మెనూలో మార్చినప్పుడు అలాంటి చిట్టా ఎవరూ రాయరు. ఈ ఒక్క విషయంలో టూల్ మనిషి కంటే నయం.

ఇక నిల్వ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం, ఒకేసారి 100 మంది లేదా రోజులో 500 మంది పోగయ్యే చోట్ల కెమెరాలు పెట్టాలనీ, ఫుటేజీని 30 రోజులు ఉంచాలనీ చెబుతుంది. పోలీస్ స్టేషన్ల విషయంలో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 18 నెలలు ఉంచాలంది, అంత నిల్వ చేసే పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది.

30 రోజులంటే ఎంత డిస్కు కావాలి? 1080 రిజల్యూషన్‌లో, హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో, సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఒక కెమెరా గంటకు 1.8 గిగాబైట్లు నింపుతుంది. రోజుకు 43 గిగాబైట్లు. అలాంటివి 8 ఉంటే రోజుకు దాదాపు 345 గిగాబైట్లు, 30 రోజులకు 10 టెరాబైట్ల పైమాటే. రికార్డరులో (డీవీఆర్) 4 టెరాబైట్ల డిస్కు ఉంటే పదకొండో రోజు దాటాక పాతవి చెరిగిపోతూ ఉంటాయి. కెమెరాలు 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతికి మారగలవైతే, బిట్ రేటును సుమారు సగానికి దించినా బొమ్మ నాణ్యత పెద్దగా తగ్గదు. అప్పుడు 5 టెరాబైట్ల పైచిలుకుతో సరిపోతుంది.

‘ఈ డిస్కులోనే 30 రోజులు పట్టించు’ అని అసిస్టెంటుకు చెబితే అది పట్టిస్తుంది. అన్ని కెమెరాలనూ ఒకటిన్నర మెగాబిట్‌కు దించితే లెక్క సరిపోతుంది మరి. కానీ హెచ్.264లో అంత తక్కువకు దిగితే, మనుషులు కదిలిన చోటల్లా బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. 30 రోజుల ఫుటేజీ ఉంటుంది, అందులో ఒక్క ముఖమూ తెలియదు. మెట్ల దగ్గరి కెమెరాను తగ్గించి, గేటు కెమెరాను అలాగే ఉంచమని చెప్పాల్సింది ఆ భవనంలో ఉండేవాళ్లే. మెగాబిట్‌కూ మెగాబైట్‌కూ తేడా చెరిపేస్తే లెక్క 8 రెట్లు తప్పుతుందన్నది కూడా గమనించాలి. భాషా మోడళ్లు నోటి లెక్కల్లో తడబడతాయి కాబట్టి ఈ గుణకారాలు చేయడానికి విడిగా లెక్కల టూల్ ఉండటం మేలు.

అర్ధరాత్రి ఫోన్‌కు వరసపెట్టి హెచ్చరికలు రావడం మరో సామాన్య ఫిర్యాదు. కదలిక సున్నితత్వాన్ని తగ్గించడం, రోడ్డు మీద పోయే బండ్లు పడకుండా హద్దు గీయడం అసిస్టెంటు చక్కగా చేస్తుంది. కానీ రాత్రి వెలిగే ఇన్‌ఫ్రారెడ్ దీపాల దగ్గరికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు లెన్సు ముందే గూడు కడుతుంది, గాలికి ఆ గూడు ఊగినప్పుడల్లా ఫోన్ మోగుతుంది. దీనికి సెట్టింగు లేదు, బూజుకర్ర కావాలి.

అసిస్టెంటుకు ఎంత అధికారం ఇవ్వాలన్నది సెట్టింగులన్నిటి కంటే పెద్ద ప్రశ్న. కెమెరా పరాయి చేతికి చిక్కితే ఏమవుతుందో ఇప్పటికే చూశాం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతటా కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి చొరబడింది. దాని ఆయుధం ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జంటల జాబితా, అరవై పైచిలుకు జంటలు మాత్రమే. ఆ ఏడాది అక్టోబరు 21న అలా చిక్కిన పరికరాలు వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద విరుచుకుపడితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. కాలిఫోర్నియా 2020 నుంచి, బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డుతో ఇలాంటి పరికరాలు అమ్మడాన్ని చట్టంతో ఆపేశాయి. భారత ప్రభుత్వం 2024లో నోటిఫై చేసి, 2025 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం ఇక్కడ అమ్మే సీసీ కెమెరాలు భద్రతా పరీక్షలు నెగ్గాలి. కొత్త కెమెరాలకు ఇది రక్ష. ఇప్పటికే గోడల మీద ఉన్నవాటికి పాస్‌వర్డు మార్చుకోవడమే గతి.

కొత్త పాస్‌వర్డును అసిస్టెంటు చాట్‌లో టైపు చేయడం మాత్రం తప్పు. అది మధ్య ప్రోగ్రాములో భద్రంగా ఉండాలి, మోడల్ కంట పడకూడదు. ఓన్‌విఫ్‌లో అడ్మినిస్ట్రేటర్, ఆపరేటర్, యూజర్ అని అంచెలున్నాయి. అసిస్టెంటుకు విడిగా ఒక ఖాతా తెరిచి, పనికి సరిపడా అంచె మాత్రమే ఇవ్వాలి. డిస్కు ఫార్మాట్ చేయడం, రికార్డింగ్ ఆపడం, యూజర్లను చేర్చడం లేదా తీసేయడం, ఫ్యాక్టరీ రీసెట్, ఈ నాలుగూ టూల్స్ జాబితాలోనే ఉండకూడదు. ఉంటే అనుమతి అడుగుతుంది కదా అనుకోవడం భ్రమ. రోజుకు పదిసార్లు ‘సరే’ నొక్కే వేలు పదకొండోసారి చదవకుండానే నొక్కుతుంది.

కెమెరా బొమ్మను కూడా చూసి అర్థం చేసుకునే అసిస్టెంట్లతో వచ్చే ప్రమాదం కొత్తది. అవి బొమ్మలోని రాతల్ని చదువుతాయి. లారీ వెనక ‘సౌండ్ హారన్’ అని చదివితే నష్టమేమీ లేదు. ఎవరో అట్టముక్క మీద ‘రికార్డింగ్ ఆపు’ అని రాసి కెమెరా ముందు పెడితే, యజమాని మాటకూ ఆ రాతకూ తేడా తెలియని మోడల్ దాన్ని ఆదేశంగా తీసుకోవచ్చు. ఈ తరహా దాడికి ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని 2022లో పేరు పడింది. సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ భాషా మోడళ్ల ముప్పుల జాబితాలో దీన్ని మొదటి స్థానంలో పెట్టింది. దీనికి పూర్తి విరుగుడు ఇంకా లేదు. అందుకే బొమ్మలు చూసే అసిస్టెంటునూ, సెట్టింగులు మార్చే అసిస్టెంటునూ వేరుగా ఉంచడం మంచిది. పైగా షట్టరు, బిట్ రేటు మార్చడానికి అంకెలు చాలు. ఇరుగుపొరుగు ముఖాలున్న బొమ్మల్ని ఎక్కడో ఉన్న సర్వరుకు పంపే అవసరం లేదు.

పక్కింటి తలుపు కనపడకుండా వేసే ప్రైవసీ మాస్కు విషయంలోనూ ఒక జాగ్రత్త కావాలి. సాధారణ కెమెరాలో ఆ ముసుగు ఫ్రేములో ఒక చోటికి కట్టుబడి ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు కెమెరా కాస్త పక్కకు తిరిగితే, ముసుగు గోడ మీద పడి తలుపు బయటపడుతుంది. మాస్కు ఆన్‌లోనే ఉందని టూల్ నిజాయితీగానే చెబుతుంది.

ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేటును మాత్రం మిగతా మార్పులతో కలపకూడదు. తయారీదారు ఇచ్చిన ఫైలే వాడాలి. పాత సెట్టింగుల బ్యాకప్ ముందే తీసుకోవాలి. యూపీఎస్ ఉన్న వేళ, ముందు ఒక్క కెమెరాకు చేసి, ఒక రోజు చూసి, తర్వాత మిగతావాటికి వెళ్లాలి. మధ్యలో కరెంటు పోతే కెమెరా మళ్లీ లేవకపోవచ్చు, అప్పుడు అసిస్టెంటుకు మాట్లాడటానికి అవతల ఏమీ ఉండదు.

ఇదంతా మొదలు కావాలంటే అడ్మిన్ పాస్‌వర్డు చేతిలో ఉండాలి. చాలా అపార్ట్‌మెంట్లలో అది కెమెరాలు బిగించినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది, కమిటీలు మారతాయి, ఆ మనిషి ఫోన్ నంబరు కూడా మారుతుంది. బిల్లు చెల్లించే రోజునే ఆ పాస్‌వర్డు తీసుకుని, కొత్తది పెట్టి, మూసిన కవరులో కమిటీ బాధ్యుల దగ్గర ఉంచుకోవాలి. అది పోగొట్టుకున్నవాళ్లకు చాలా కెమెరాల్లో మిగిలే దారి ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే. అప్పటిదాకా సరిచేసిన సెట్టింగులన్నీ దానితో పోతాయి.